ఐదు చోట్ల తెరుచుకోవాల్సిన పెన్‌డ్రైవ్: నల్లగొండ నుంచి ఒక కేస్ స్టడీ

నల్లగొండ క్లాక్ టవర్‌కు కూతవేటు దూరంలో నేను కంప్యూటర్ మరమ్మతుల దుకాణం నడుపుతున్నాను. 2022లో దీపావళి వెళ్లిన వారంలో, ఒక డిగ్రీ కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పే మేడం 64 జీబీ పెన్‌డ్రైవ్ ఒకదాన్ని చేతిరుమాలులో చుట్టి తెచ్చారు. ఆ ఏడాది బతుకమ్మ పండుగకు ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులూ నాంపల్లి, దేవరకొండ వైపు ఊళ్లు తిరిగి, వయసు మళ్లిన ఆడవాళ్లు పాడిన పాటలను ఆమె వీడియో తీయించారు. మొత్తం 31 పాటలు, 46 జీబీ. చిత్రీకరణ, కూర్పు రెండూ ఆమె అక్క కొడుకు చేతి పని. అతను హైదరాబాద్‌లో మ్యాక్‌బుక్ మీద పని చేసి, ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి ఊరికి వెళ్లే వాళ్ల చేత పంపాడు.

“నేను సొంతంగా ఏం చెయ్యలేదు తమ్మీ. పెట్టంగనే ఫార్మాట్ చెయ్యాలె అని అడిగింది, సరే అని నొక్కిన. ఇప్పుడు చూస్తే అంత ఖాళీ” అని ఆమె చెప్పారు. ఆ తర్వాత అందులో ఇంకేమైనా కాపీ చేశారా అని నేను మొదటగా అడిగాను. చేయలేదని, భయపడి వెంటనే తీసేశానని చెప్పారు. ఈ కేసులో మాకు దక్కినదంతా ఆ ఒక్క జాగ్రత్త వల్లనే దక్కింది.

ఫార్మాట్ చేయాలన్న ఆ సందేశం ఎందుకు వచ్చిందో ముందు వివరించాలి. మేడంకు కొడుకు వరసయ్యే ఆ అబ్బాయి పెన్‌డ్రైవ్‌ను తన మ్యాక్‌లో ‘మ్యాక్ ఓఎస్ ఎక్స్‌టెండెడ్’ అనే పద్ధతిలో ఫార్మాట్ చేశాడు. దీన్నే హెచ్ఎఫ్ఎస్ ప్లస్ అంటారు. 1998లో ఆపిల్ తెచ్చిన ఈ ఫైల్ సిస్టమ్‌ను, అంటే డ్రైవ్‌లో ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే పద్ధతిని, విండోస్ తనంతట తాను చదవలేదు. డ్రైవ్ ఉన్నట్టు దానికి తెలుస్తుంది, లోపల ఏముందో తెలియదు. అలాంటప్పుడు విండోస్ ‘నాకు ఇది చదవడం రాదు’ అని చెప్పదు, ‘ఈ డ్రైవ్‌ను వాడుకోవాలంటే ముందు ఫార్మాట్ చేయాలి’ అని చెబుతుంది. చదువుకున్న వాళ్లు సైతం దాన్ని ఒక సూచనగా భావించి పాటిస్తారు. నా దుకాణానికి వచ్చే డేటా రికవరీ పనుల్లో ఈ ఒక్క బటన్ వల్ల వచ్చేవి చాలా ఉన్నాయి. ఇంకో కంప్యూటర్‌లో బాగా తెరుచుకున్న డ్రైవ్ మీ దగ్గర ఫార్మాట్ అడిగితే, అది ఖాళీగా లేదనే అర్థం చేసుకోవాలి. రద్దు చేసి, ముందు తెరుచుకున్న కంప్యూటర్ దగ్గరికే తీసుకెళ్లాలి.

ఫార్మాట్ పెట్టెలో ‘క్విక్ ఫార్మాట్’ ముందున్న టిక్‌ను మేడం తీసేయకపోవడం రెండో అదృష్టం. 32 జీబీ దాటిన పెన్‌డ్రైవ్‌కు విండోస్ 10 తనంతట తానే ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌ను ఎంచి పెడుతుంది. క్విక్ ఫార్మాట్‌లో అది డ్రైవ్ మొదట్లో కొన్ని ఎంబీల మేర కొత్త పట్టికలు రాసి ఊరుకుంటుంది, మిగిలిన చోట పాత డేటా అలాగే పడి ఉంటుంది. ఆ టిక్ తీసేసి ఉంటే, విస్టా కాలం నుంచి విండోస్‌లో పూర్తి ఫార్మాట్ అంటే డ్రైవ్ అంతటా సున్నాలు రాయడమే కాబట్టి, ఈ కేసు అక్కడితోనే ముగిసిపోయేది.

పోయినవాటిలో ఎన్నింటికి నకలు ఉందో తెలుసుకోవడానికి అబ్బాయికి ఫోన్ చేశాను. 22 పాటలు అతని మ్యాక్‌లో ఉన్నాయి. కంప్యూటర్‌లో చోటు చాలక మిగిలిన తొమ్మిదింటిని పెన్‌డ్రైవ్‌కు ఎక్కించి అక్కడ తుడిచేశాడు. కెమెరా కార్డును అప్పటికే వేరే పెళ్లి పనికి వాడేశాడు. అంటే ఆ తొమ్మిది పాటలకు ఈ పెన్‌డ్రైవ్ తప్ప భూమ్మీద మరో ప్రతి లేదు.

రికవరీలో నేను తప్పని నియమం ఒకటి ఉంది. అసలు డ్రైవ్ మీద పని చేయను. మా లినక్స్ కంప్యూటర్‌కు తగిలించి, ముందు దాని మొత్తాన్ని మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా ఒకే ఫైలుగా హార్డ్‌డిస్క్‌లోకి తీసుకున్నాను. తర్వాత పెన్‌డ్రైవ్‌ను తీసి కవరులో పెట్టి, తేదీ రాసి పక్కన పెట్టాను. ఇక పనంతా ఆ ఇమేజ్ ఫైలు మీదే జరిగింది. టెస్ట్‌డిస్క్ అనే సాధనంతో వెతికితే పాత హెచ్ఎఫ్ఎస్ ప్లస్ తాలూకు హెడర్ (ఆ ఫైల్ సిస్టమ్ ప్రాథమిక వివరాలుండే రాత) రెండో ప్రతి డ్రైవ్ చివర దొరికింది గానీ, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక చెడిపోయినందువల్ల దారి దొరకలేదు. అందుకని ఫోటోరెక్ అనే మరో సాధనం వాడాను. అది ఫైల్ సిస్టమ్‌తో పని లేకుండా, ఎంపీ4 ఫైలు ఎలా మొదలవుతుందో ఆ గుర్తులను బట్టి డ్రైవ్ అంతా గాలించి ఫైళ్లను బయటికి తీస్తుంది.

ఇలా వచ్చే ఫైళ్లకు పాత పేర్లు ఉండవు, ఎఫ్ అనే అక్షరం పక్కన పొడుగాటి అంకెలు ఉంటాయి. మ్యాక్‌లో ఉన్న 22 పాటల సైజులను అబ్బాయి చేత తెప్పించుకుని, వచ్చిన ఫైళ్లతో పోల్చి ముందు వాటిని పక్కకు తీశాను. రికవరీ ఎంత నమ్మదగ్గదో తెలియడానికి ఆ పోలిక బాగా పనికొచ్చింది, ఎందుకంటే 22లో 22 బైటుతో సహా సరిపోయాయి. మిగిలిన తొమ్మిదిని ఏ ఊరివో తేల్చడానికి మేడం ఒక సాయంత్రం దుకాణంలో కూర్చున్నారు. ఒక్కో ఫైలు తెరవగానే ‘ఉయ్యాలో’ అని ఎత్తుకునే గొంతును విని, ముఖం స్పష్టంగా కనబడకముందే ఊరి పేరు చెప్పి కాగితం మీద రాసుకున్నారు. ఎనిమిది పూర్తిగా వచ్చాయి.

తొమ్మిదోది రాలేదు. కూర్పు మధ్యలో అబ్బాయి కొన్ని ఫైళ్లను తుడిచి మళ్లీ ఎక్కించడం వల్ల ఆ ఫైలు డ్రైవ్‌లో ముక్కలు ముక్కలుగా పడింది. ఫోటోరెక్‌కు మొదటి ముక్క మాత్రమే దొరికింది. వీడియోలో ఏ క్షణపు బొమ్మ ఎక్కడుందో తెలిపే సూచిక ఆ ఫైలులో చివరన ఉంది, ఆ చివర లేకపోవడంతో ముందు భాగం ఉన్నా తెర మీదికి రాలేదు. ఆ మాట మేడంకు చెప్పడం నాకు కష్టంగా అనిపించింది.

ఇంతవరకు జరిగింది రికవరీ. ఇక్కడితో డబ్బు తీసుకుని పంపేస్తే ఇంకో నెలలో ఇదే పెన్‌డ్రైవ్ ఇదే స్థితిలో మళ్లీ వస్తుందని నాకు అనిపించింది. కాబట్టి ఇది ఎక్కడెక్కడ తిరగాలో చెప్పమని అడిగి రాసుకున్నాను. అబ్బాయి మ్యాక్‌బుక్ ఒకటి, మేడం ఇంట్లో విండోస్ 10 ల్యాప్‌టాప్ ఒకటి, కళాశాల ఆఫీసులో విండోస్ 7 కంప్యూటర్ ఒకటి, కళాశాల ల్యాబ్‌లో ఉబుంటు 16.04 (లినక్స్‌లో ఒక రకం) వేసిన పాత కంప్యూటర్లు, చివరగా పాటలు పాడిన ఊళ్లలో వాళ్లకే చూపించడానికి బడుల్లోనూ ఇళ్లలోనూ ఉండే టీవీలు. ఏ ఫార్మాట్ మంచిదని అడిగే వాళ్లకు నా జవాబు ఎప్పుడూ ఈ రెండు ప్రశ్నలే: డ్రైవ్ వెళ్లే చోట్లలో అన్నిటికంటే పాత యంత్రం ఏది, మోయాల్సిన ఫైళ్లలో అన్నిటికంటే పెద్దది ఎంత?

ఇక్కడ అతి పెద్ద ఫైలు 7.6 జీబీ. సెకనుకు 50 మెగాబిట్ల చొప్పున తీసిన 20 నిమిషాల పాట అది. దానితో ఫ్యాట్32 అనే పాత ఫైల్ సిస్టమ్ పక్కకు పోయింది. 1996లో విండోస్ 95 రెండో సవరణతో వచ్చిన ఫ్యాట్32ను చదవలేని యంత్రం నాకు ఇంతవరకు తగల్లేదు. అయితే అందులో ఫైలు సైజు రాసుకోవడానికి కేటాయించిన చోటు 32 బిట్లే కాబట్టి, ఒక ఫైలు 4,29,49,67,295 బైట్లకు మించకూడదు. డ్రైవ్‌లో 50 జీబీ ఖాళీ ఉన్నా 5 జీబీ ఫైలును తీసుకోదు. ‘చోటున్నా ఎందుకు ఎక్కడం లేదు’ అని మా దగ్గరికి వచ్చే పెళ్లి వీడియోల సమస్య చాలావరకు ఇదే. 50 మెగాబిట్ల వీడియో పదకొండున్నర నిమిషాలు దాటకముందే ఆ గీతను తాకుతుంది.

ఎన్‌టీఎఫ్ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్ గురించి చాలాసేపు ఆలోచించాను. రెండు విండోస్ కంప్యూటర్లకూ అది సొంత భాష. ఉబుంటు 16.04లో దాన్ని చదివే, రాసే సాధనం ముందే ఉంటుంది. మేడం ఫోటో తీసి పంపిన ఒక టీవీ పుస్తకంలో కూడా ఫ్యాట్32, ఎన్‌టీఎఫ్ఎస్ రెండూ రాసి ఉన్నాయి, ఎక్స్‌ఫ్యాట్ మాత్రం లేదు. ఐదులో నాలుగు చోట్ల పని జరిగిపోతుంది. కానీ మ్యాక్ ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవ్‌ను చదువుతుందే తప్ప అందులో రాయదు. రాయించే సాఫ్ట్‌వేర్లు బయట దొరుకుతాయి, అయితే ఈ గొలుసులో ఫైళ్లను పుట్టించేదే మ్యాక్. ఫైళ్లు బయల్దేరే చోటనే అదనపు సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడటం నాకు నచ్చలేదు.

మిగిలింది ఎక్స్‌ఫ్యాట్. ఫ్లాష్ మెమరీ కోసం మైక్రోసాఫ్ట్ 2006లో తెచ్చిన ఈ పద్ధతిలో 4 జీబీ పరిమితి లేదు. విండోస్ 7, 10 రెండూ చదివి రాస్తాయి, మ్యాక్‌లో 10.6.5 నుంచి, అంటే 2010 నుంచి ఉంది. లినక్స్ సంగతి వేరు. మైక్రోసాఫ్ట్ 2019 ఆగస్టులో ఎక్స్‌ఫ్యాట్ వివరాలను బయటపెట్టాక, ఆ ఏడాది చివర వచ్చిన లినక్స్ 5.4 కర్నెల్‌లో (లినక్స్‌కు గుండెకాయ లాంటి భాగంలో) దానికి మొదటిసారి చోటు దొరికింది, 2020లో 5.7తో మెరుగైన డ్రైవర్ వచ్చింది. ఉబుంటు 16.04 అంతకంటే పాతది. అందులో విడిగా ప్యాకేజీ వేస్తే తప్ప ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్ తెరుచుకోదు. ల్యాబ్ కంప్యూటర్లకు ఇంటర్నెట్ ఇవ్వలేదు కాబట్టి ఆ ప్యాకేజీ ఫైళ్లను నా దగ్గర దించి, ఒక చిన్న ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, ల్యాబ్ చూసుకునే సార్ పాస్‌వర్డ్ కొడితే ఒక్కొక్క యంత్రంలో వేశాను. ఆ ప్యాకేజీలను ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్‌లో పట్టుకెళ్లి ఉంటే తలుపు తాళంచెవిని ఇంట్లో పెట్టి తలుపేసినట్టయ్యేది.

ఇలా పని చేసే పెన్‌డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్ అని తేలింది. టీవీలకు వేరే పెన్‌డ్రైవ్ పెట్టాలని నిర్ణయించాను. ఒకే డ్రైవ్‌ను రెండు పార్టిషన్లు (విడి భాగాలు) చేసి, ఒకటి ఎక్స్‌ఫ్యాట్, ఒకటి ఫ్యాట్32 ఉంచవచ్చు కదా అని అబ్బాయి అడిగాడు. 2017లో వచ్చిన విండోస్ 10 ‘1703’ వెర్షన్ కంటే ముందటి విండోస్‌లు పెన్‌డ్రైవ్‌లో మొదటి పార్టిషన్‌ను మాత్రమే చూపిస్తాయి, టీవీలు ఏది చూపిస్తాయో ముందుగా చెప్పలేం. అందుకే వద్దన్నాను.

ఇక్కడ నా వల్ల ఒక పొరపాటు జరిగింది, దాన్ని దాచకుండా రాయడం ఈ వ్యాసానికి అవసరం. మ్యాక్‌లోని 22 పాటలను పంపడానికి అబ్బాయి కొత్త 64 జీబీ పెన్‌డ్రైవ్ కొన్నాడు. ‘ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చెయ్యి బాబూ’ అని ఫోన్‌లో చెప్పి వదిలేశాను. అతను డిస్క్ యుటిలిటీలో అన్ని పరికరాలనూ చూపించమని ఎంచి, మొత్తం డ్రైవ్‌ను చెరిపి, స్కీమ్ (డ్రైవ్‌లో పార్టిషన్ల జాబితా రాసుకునే పద్ధతి) అన్న చోట ముందే ఉన్న ‘జీయూఐడీ పార్టిషన్ మ్యాప్’ను అలాగే ఉంచాడు. ఆ పెన్‌డ్రైవ్ మేడం విండోస్ 10లో చక్కగా తెరుచుకుంది. కళాశాల ఆఫీసులోని విండోస్ 7లో మాత్రం పెట్టినప్పుడు వచ్చే శబ్దం వచ్చింది గానీ, డ్రైవ్‌ల జాబితాలో ఏమీ కనబడలేదు. ఆ స్కీమ్‌లో మ్యాక్ డ్రైవ్ మొదట్లో కంప్యూటర్ మొదలవడానికి పనికొచ్చే ఫైళ్ల కోసం 200 ఎంబీల దాగి ఉండే ఈఎఫ్ఐ పార్టిషన్ ఒకటి వేస్తుంది. పాటలున్నది రెండోదానిలో. పెన్‌డ్రైవ్‌లో మొదటిది తప్ప చూడని విండోస్ 7కు మన డేటా కనబడకుండా పోయింది. ఫైల్ సిస్టమ్ ఒక్కటే చెబితే చాలదు, స్కీమ్ కూడా చెప్పాలి. మ్యాక్‌లో ఫార్మాట్ చేసేవాళ్లు స్కీమ్ దగ్గర ‘మాస్టర్ బూట్ రికార్డ్’ (ఎంబీఆర్) ఎంచుకుంటే ఈ చిక్కు ఉండదు. పాత టీవీలకు కూడా అదే మేలు.

ఆ పెన్‌డ్రైవ్‌ను నా దగ్గరికి తెప్పించి, పాటలను హార్డ్‌డిస్క్‌లోకి తీసి, విండోస్‌లో డిస్క్‌పార్ట్ అనే, ఆదేశాలు టైపు చేసే సాధనంతో మొదటి నుంచి చేశాను. పెన్‌డ్రైవ్ పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి డిస్కుల జాబితా అడిగి, కొత్తగా చేరిన వరుస ఏదో చూసుకున్నాను. సైజు కూడా సరిచూశాను. 64 జీబీ డ్రైవ్ విండోస్‌లో 60 లోపే కనిపిస్తుంది, ఎందుకంటే తయారీదారు వెయ్యి చొప్పున లెక్కిస్తే విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. మ్యాక్ 2009 నుంచి వెయ్యి చొప్పునే చూపిస్తుంది కాబట్టి అదే డ్రైవ్ అక్కడ 64 అని కనబడుతుంది, ఇందులో మోసం లేదు. ఆ తర్వాత ఆ డిస్కును ఎంచి, క్లీన్ కొట్టి, ఎంబీఆర్‌గా మార్చి, ఒకే ప్రైమరీ పార్టిషన్ వేసి, ఎక్స్‌ఫ్యాట్‌లో క్విక్ ఫార్మాట్ చేశాను. క్లీన్ అనే ఆదేశం ‘నిజంగానా’ అని అడగదు. తప్పు అంకె కొడితే కంప్యూటర్‌లోని వేరే డిస్కు పార్టిషన్లు క్షణంలో పోతాయి. మా దుకాణంలో పని నేర్చుకునే కుర్రాళ్లను నేను పక్కన లేనప్పుడు ఈ ఆదేశం కొట్టనివ్వను.

కొత్త డ్రైవ్ కాబట్టి పాటలు ఎక్కించే ముందు దాని నిజమైన సైజును కూడా పరీక్షించాను. మీద 64 అని రాసి లోపల అంతకంటే చిన్న చిప్ పెట్టి అమ్మే నకిలీలు అంగళ్లలో దొరుకుతాయి. అవి నిండేదాకా బాగానే ఉన్నట్టు కనిపించి, ఆ తర్వాత ఎక్కించినవన్నీ పాడు చేస్తాయి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 అనే ఉచిత సాధనాలు డ్రైవ్ నిండా రాసి తిరిగి చదివి నిజం చెబుతాయి. సెకనుకు 20 ఎంబీలు రాసే డ్రైవ్‌లో 64 జీబీ నింపడానికే ముప్పావు గంట దాటుతుంది. పాటలు పోగొట్టుకున్న తర్వాత ఆ సమయం ఎవరికీ ఎక్కువ అనిపించలేదు.

టీవీల కోసం 16 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుని ఎంబీఆర్, ఫ్యాట్32లో ఫార్మాట్ చేశాను. దీనికి విండోస్ ఫార్మాట్ పెట్టె చాలు. 32 జీబీ దాటిన డ్రైవ్‌కు ఆ పెట్టె ఫ్యాట్32ను చూపించదు, 16కు చూపిస్తుంది. పాటలన్నిటినీ సెకనుకు 8 మెగాబిట్లకు కుదించి, టీవీలు ఎక్కువగా ఆడించే హెచ్.264 ఎంపీ4గా మార్చాను. 7.6 జీబీ పాట 1.2 జీబీకి వచ్చింది, అన్నీ కలిపి ఏడున్నర జీబీ లోపే సరిపోయాయి. బడి గోడకున్న టీవీలో పది అడుగుల దూరం నుంచి చూసే ముసలమ్మలకు ఆ తేడా కనబడదు. అసలు నాణ్యత ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్‌లో భద్రంగా ఉంది.

టీవీ డ్రైవ్‌లో రెండు చిన్న చిక్కులు వచ్చాయి. మొదటిసారి అబ్బాయి మ్యాక్ నుంచి కాపీ చేసిస్తే, టీవీ జాబితాలో ప్రతి పాట రెండుసార్లు కనబడింది, అందులో ఒకటి ఆడలేదు. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్‌లలో మ్యాక్ తన అదనపు వివరాలను చుక్క, అండర్‌స్కోర్‌లతో మొదలయ్యే చిన్న ఫైళ్లుగా దాచుకుంటుంది. కంప్యూటర్లు వాటిని పెద్దగా పట్టించుకోవు, టీవీ మాత్రం పేరు చివరన ఎంపీ4 అని చూసి వీడియో అనుకుంటుంది. వాటిని తుడిచేసి, ఇక మీదట టీవీ డ్రైవ్‌కు కాపీ విండోస్ నుంచే చేయాలని మేడంకు చెప్పాను. రెండోది, తెలుగులో పెట్టిన పేర్లు ఆ టీవీలో వరుసగా డబ్బాల్లా వచ్చాయి, దానిలో తెలుగు అక్షరాల ఫాంట్ లేదు. ఫైళ్లకు 01 నుంచి 31 దాకా అంకెలు పెట్టి, ఏ అంకె ఏ ఊరి పాటో కాగితం మీద అచ్చు తీసి ఇచ్చాను. 17వ అంకెను పోయిన పాట కోసం ఖాళీగా ఉంచమని మేడం కోరారు.

ల్యాబ్‌లో ఒక నెల తర్వాత ఇంకో సంఘటన జరిగింది. ఒక విద్యార్థి ఉబుంటులో మూడు ఫైళ్లను ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్‌కు కాపీ చేసి, కాపీ గీత నిండగానే లాగేశాడు. ఇంటికొచ్చి చూస్తే మూడూ సున్నా సైజులో ఉన్నాయి. గీత నిండడమంటే ఫైలు కంప్యూటర్ మెమరీలోకి చేరిందని మాత్రమే అర్థం, అక్కడి నుంచి పెన్‌డ్రైవ్‌లోకి ఇంకా పోతూనే ఉంటుంది. ఎన్‌టీఎఫ్ఎస్, హెచ్ఎఫ్ఎస్ ప్లస్‌లకు ఉన్నట్టు ఎక్స్‌ఫ్యాట్‌కు జర్నల్ (చేయబోయే మార్పులను ముందే రాసుకునే చిట్టా) ఉండదు, మధ్యలో ఆగిన రాతను సరిచేసుకునే ఆధారం దానికి లేదు. అసలు ఫైళ్లు ల్యాబ్ కంప్యూటర్‌లో ఉన్నందున నష్టం జరగలేదు. ఎజెక్ట్ నొక్కి, తీయవచ్చని చెప్పేదాకా ఆగాలని ల్యాబ్ బల్లల మీద చీటీలు అంటించారు.

అప్పగించే రోజు రెండు పెన్‌డ్రైవ్‌ల మీదా చిన్న స్టిక్కర్లు వేశాను. ఒకదాని మీద ‘పని, ఎక్స్‌ఫ్యాట్, ఎంబీఆర్’ అని, రెండోదాని మీద ‘టీవీ, ఫ్యాట్32, 4 జీబీ లోపు’ అని రాశాను. అసలు నాణ్యతలో ఉన్న పాటలన్నిటికీ ఇంకో ప్రతిని మేడం ఇంటి హార్డ్‌డిస్క్‌లో పెట్టి, దానికీ ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్‌కూ చెక్‌సమ్ (ఫైలులోని బైట్లన్నిటి నుంచి లెక్కగట్టే గుర్తు) తీసి ఒకటేనని చూపించాను.

మరుసటి ఆదివారం ఆమె నాంపల్లి వైపు వెళ్లి, 17వ పాట పాడిన అవ్వను కలిసి మళ్లీ పాడించుకుని వచ్చారు. ఈసారి ఫోన్‌లో తీశారు, పన్నెండు నిమిషాలు వచ్చింది. మొదటిసారి పాడినప్పుడు పక్కన గొంతు కలిపిన ఆమె చెల్లెలు అప్పటికి ఊళ్లో లేరట. మళ్లీ పాడిన ఆ పాటను రెండు పెన్‌డ్రైవ్‌లలోనూ 17వ అంకె కింద చేర్చాను. పాత పెన్‌డ్రైవ్ ఇమేజ్ ఫైలును మాత్రం మా హార్డ్‌డిస్క్‌లో అలాగే ఉంచాను. ముక్కలైన ఆ ఫైలు మిగతా భాగాలు అందులోనే ఎక్కడో ఉన్నాయి, తీరిక దొరికినప్పుడు వాటిని ఒకటొకటిగా వెతుకుతున్నాను.